జగన్మిత్ర మండలి నాటి హైదరాబాదు

హైదరాబాదు నగర చరిత్రలో 1906వ సంవత్సరము అనగానే తెలుగు చదువరులకు విజ్ఞానచంద్రికా మండలి తలపునకు వచ్చుట సహజము. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలైన పెద్దలు అంతకు అయిదేండ్ల ముందు, 1901 సెప్టెంబరు 1వ తేదీన, రంగారావుగారి ఇంటనే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పి, ఉర్దూ రాజ్యమేలుచున్న నగరమున తెలుగు అక్షరమునకు ఒక గూడు కల్పించి, పిమ్మట చరిత్రలను, ప్రకృతి శాస్త్రములను తెలుగున అచ్చువేయించుటకై ఆ మండలిని స్థాపించిరి. ఆ కృషిని గూర్చి మన సాహిత్య చరిత్రకారులు వ్రాయని పుట లేదు, వ్రాయదగినదే. కాని అదే సంవత్సరమున, అదే నగరమున, పుస్తకము కొనుటకు కాసులు లేని వారి నడుమ, కొన్నను చదువుటకు అక్షరములు రాని వారి నడుమ, మరియొక మండలి పుట్టినది. దాని పేరు జగన్మిత్ర మండలి. దానిని స్థాపించినవాడు 18 ఏండ్ల యువకుడు. ఆంధ్రుల మేల్కొలుపును గూర్చి చెప్పుకొనునప్పుడు ఈ రెండవ మండలిని మొదటి దాని ప్రక్కన కూర్చుండబెట్టక పోవుట మన చరిత్ర రచనలోని పెద్ద లోపమని నేను చాలకాలముగా తలచుచున్నాను.

ఆ యువకుని పేరు మాదరి భాగయ్య. ఆయన 1888 మే 22వ తేదీన ఈ నగరముననే మాల కులమున రంగమాంబ, వెంకయ్య దంపతులకు జన్మించెను. ఆ కుటుంబమునకు గురువైన శైవుడొకడు, మీరు ఈ నేలకు మూలవాసులు, ఒకప్పుడు దీనిని ఏలినవారు, రేడు అనగా రాజు, రెడ్డి శబ్దము ఆ రేడు నుండియే పుట్టినదని బోధించి, భాగయ్యను భాగ్యరెడ్డి చేసెను. 1913లో ఆర్యసమాజమువారు వర్మ బిరుదమును జతచేయగా ఆయన భాగ్యరెడ్డివర్మ అయ్యెను. ఆ శబ్దవ్యుత్పత్తి భాషాశాస్త్రజ్ఞుల పరీక్షకు నిలుచునా నిలువదా అను చర్చ ఇచ్చట అనవసరము. పిలుచువాడు పేరు చివరి అక్షరమును కూడ మింగి ఒరే అని కేకవేయు కాలమున, ఒక బాలునికి పేరే మొదటి పాఠమై, తనవారి గతమును గూర్చి తలయెత్తి ఆలోచించుటకు హేతువయ్యెననుట మాత్రమే గ్రహింపవలసినది. బడిచదువు ఆయనకు విస్తారముగా దొరకలేదు. దోస్ సాంతోస్ అను బారిస్టరు ఇంట కొలువు కుదిరి, ఆ ఇంటికి వచ్చు పత్రికలను, పుస్తకములను చదువుటకు అలవడి, న్యాయవాదుల సంభాషణలను వినుచు, ప్రశ్నించుట నేర్చెను.

1901 నాటి జనాభా లెక్కలలో హైదరాబాదు నగర జనసంఖ్య నాలుగు లక్షల 48 వేలు. అందు మాలమాదిగల బ్రతుకులు రెండు తెరవులుగా ఉండెడివి. పల్లెలలో బేగారి పని, వెట్టి చాకిరి, దొరల గడీల ముందు నిలబడుట తప్ప అన్యమెరుగని కుటుంబములు కరవునకో, అప్పునకో, దెబ్బలకో ఓర్వలేక నగరమునకు వచ్చి, రాళ్లు మోసి, గోడలు కట్టి, మిల్లులలో కూలికి కుదిరి, ఊరి చివర గుడిసెలు వేసికొనుట ఒక తెరవు. లష్కరని జనులు పిలుచుకొను సికింద్రాబాదు దండు ప్రదేశమున తెల్లదొరల ఇండ్లలో బట్లరులుగా, వంటవారుగా, ఆయాలుగా, రైలు కచేరీలలో నౌకరులుగా కుదిరి, నెల తిరుగునప్పటికి చేతిలో నగదు కనుగొనుట రెండవ తెరవు. ఈ రెండవ తెరవువారికే మొదట లోకము తెలిసినది. దొర ఇంటిలో వంటచేసి వడ్డించిన చేయి ఊరిబావిలో చేద వేయరాదను నియమములోని విపరీతము వారికి దినదినము కంటికి కట్టినట్లుండెను. గ్రామములో పుట్టి గ్రామములో గిట్టినవానికి విధి వలె తోచు విషయము, రెండు లోకముల మధ్య రోజుకు రెండుమార్లు నడచువానికి అన్యాయముగా తోచును. పిమ్మట ఆదిహిందూ ఉద్యమమని పేరొందిన ఈ కదలికకు తొలి నాయకులు నగరముననుండి, అందును యువకులనుండి వచ్చుటకు ఇదియే ముఖ్యకారణమని నా అభిప్రాయము.

జగన్మిత్ర మండలి ఏమి చేసెను? మొదట అర్జీలు పెట్టలేదు, తీర్మానములు చేయలేదు. హరికథలు చెప్పించెను, భజనలు చేయించెను, చిన్న చిన్న ఉపన్యాసములు ఏర్పాటుచేసెను. ఇది విని నేటి యువకులు ఇంతేనా అని అనుకొనవచ్చును. కాని పగలంతయు కూలిచేసి, సాయంకాలము కల్లుదుకాణము తప్ప వేరు కూడలి లేని పేటలో, చిడతల చప్పుడునకు ఆడువారు, మగవారు, పిల్లలు ఒక్కచోట చేరి కూర్చుండుటయే ఒక క్రొత్త సంస్థ. గుడి మెట్టు ఎక్కనీయని కథను ఇంటి ముంగిటికి తెచ్చుట ఒక సాహసము. కథ నడుమ పిట్టకథగా, తాగుడు వలన మునిగిన ఇల్లును గూర్చియో, చదువుకొన్న పిల్లవానిని గూర్చియో చెప్పుట హరికథకులకు మొదటినుండి గల స్వాతంత్ర్యము. ఆ స్వాతంత్ర్యమును ఈ యువకులు సంపూర్ణముగా వినియోగించుకొనిరి. అక్షరము రాని సభకు చెవియే గ్రంథాలయము. విజ్ఞానచంద్రిక అచ్చుయంత్రముతో చేసిన పనిని జగన్మిత్ర మండలి నోటితో చేసినదనుట అతిశయోక్తి కాదు.

మండలి పుట్టిన రెండేండ్లకు, 1908 సెప్టెంబరు 28వ తేదీన, మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది ప్రాణములు పోయెను. పురానాపూలు దక్క తక్కిన వంతెనలు కొట్టుకొనిపోయెను. నది ఒడ్డున, పల్లపు నేలలలో కాపురముండువారు ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు. నగర పునర్నిర్మాణమును గూర్చి ప్రభుత్వము ఆలోచించుచున్న ఆ దినములలో, 1910లో, భాగ్యరెడ్డిగారు ఇసామియా బజారునందును, లింగంపల్లియందును తమ పిల్లలకై పాఠశాలలను తెరచిరి. అప్పటికి ఆయన వయస్సు 22 ఏండ్లు.

ఈ పాఠశాలలను గూర్చి కొంత నిలిచి చెప్పవలయును. నిజాము రాజ్యమున కచేరీభాష ఉర్దూ. సర్కారు బడులలో బోధనభాషయు ఉర్దూ. ఇంట తెలుగాడు పిల్లవానికి బడి గడప దాటగానే భాష మారిపోయెడిది. అగ్రవర్ణముల పిల్లలకు ఇంటివద్ద చెప్పుటకు పంతులుండెను. మాలమాదిగ పిల్లలకు ఇంటివద్ద చెప్పువారు లేరు, బడిలో కూర్చుండనిచ్చువారును లేరు. ఎక్కడనైన ఒక ఉపాధ్యాయుడు దయతలచి చేర్చుకొన్నను, తక్కిన పిల్లల తలిదండ్రులు తమవారిని మాన్పించెదమని బెదరించుట సర్వసాధారణము. ఇట్టి స్థితిలో తెలుగున చదువు చెప్పు బడిని, తమ పేటలోనే, తమవారిచేతనే పెట్టించుటకు పూనుకొనుట వట్టి దానధర్మపు పని కాదు. ఒక భాషకు, ఒక జాతికి ఏకకాలమున జరిగిన సేవ. తెలంగాణమున తెలుగు బోధనకై పోరాడినవారిని లెక్కించునప్పుడు ఈ బడులను మొదటి వరుసలో ఉంచక తప్పదు.

బడి పెట్టుట ఒక యెత్తు, పిల్లవానిని బడికి రప్పించుట పది యెత్తులు. ఎనిమిదేండ్ల పిల్లడు మేకలు కాచును. పదేండ్ల పిల్ల చంటివానిని ఎత్తుకొని తల్లిని పనికి పంపును. ఆ పిల్ల బడికి పోయినచో తల్లి కూలి పోవును, కూలి పోయినచో రాత్రి పొయ్యి రాజదు. ఈ లెక్క తెలియక చదువు విలువను గూర్చి ఉపన్యసించువారు ఎందరో కలరు. ఆ పేటలలోనే పుట్టి పెరిగిన ఈ యువకులకు ఆ లెక్క పుట్టుకతో వచ్చినది. కావుననే వారి కార్యక్రమము పిల్లవానితో ఆరంభమై పిల్లవాని ఇంటితో ముడిపడి సాగినది: తాగుడు మానిన ఇంటనే పలకకు డబ్బు మిగులును, పెండ్లికి అప్పుచేయని తండ్రియే కొడుకును జీతమునకు కుదర్పక బడికి పంపగలడు. పాఠశాల, మద్యనిషేధము, వివాహ సంస్కరణము అని మనము వేరువేరుగా చెప్పుకొను మూడు పనులు వారికి ఒక్కటే పని.

ఇట్లు రెండు బడులతో మొదలైన యత్నము 1930ల నాటికి పాతికకు పైబడిన పాఠశాలలై, వానిలో రెండువేలకు మించిన బాలబాలికలు చదువుకొనునంతగా పెరిగెను. ఆ రాజ్యమున ప్రైవేటు బడులు, అనగా ఖాన్గీ మదర్సాలు, పెట్టుటకు సర్కారు అనుమతి కావలయుననియు, బహిరంగ సభలు జరుపుటకు ముందుగా సెలవు పొందవలయుననియు నిర్బంధములు వచ్చిన కాలమిది. వానివలన ఆంధ్రోద్యమమున పెద్దలు పడిన చిక్కులు ప్రసిద్ధములు. అట్టి కాలమున పేరుప్రతిష్ఠలు లేని పేటలలో ఇన్ని బడులు నిలిచినవనగా, వానివెనుక ఎందరు పేరెరుగని యువకులు సాయంకాలములు వెచ్చించిరో ఊహించుకొనవచ్చును.

1911లో భాగ్యరెడ్డిగారు మాన్యసంఘమును స్థాపించిరి. మాన్యులు అనగా గౌరవింపదగినవారు. అప్పటివరకు ప్రభుత్వ పత్రములలో, పెద్దల ఉపన్యాసములలో ఈ జనులకున్న పేర్లన్నియు నిషేధవాచకములే: అంటరానివారు, అస్పృశ్యులు, పంచములు, నిమ్నజాతులు. తమ్ము తాము పిలుచుకొనుటకు ఒక విధివాచకమును ఎన్నుకొనుట ఆ సంఘపు తొలి విజయము. 1921 ప్రాంతమున ఇదియే ఆదిహిందూ సోషల్ సర్వీసు లీగుగా మారెను. పేరు మారినను పని మారలేదు. బాల్యవివాహములను మాన్పుట, శుభాశుభములలో మద్యమును విడచుట, దినములకొలది సాగు పెండ్లిపందిళ్ల వ్యయమును తగ్గించుట, జోగిని ఆచారమును రూపుమాపుట, ఇవి దాని ప్రధానోద్దేశములు.

జోగిని ఆచారమును గూర్చి చదువరులలో పలువురు వినియే యుందురు. కాని దాని నడక ఎరిగినవారు తక్కువ. ఇంట బిడ్డకు జబ్బుచేసినచో, పశువులు చచ్చినచో, వాన రానిచో, పుట్టిన ఆడుబిడ్డను ఎల్లమ్మకో పోచమ్మకో వదలెదమని మ్రొక్కుకొని, ఆ పసిపిల్లకు అమ్మవారి ఎదుట తాళి కట్టింతురు. నాటినుండి ఆమెకు మానవుడైన భర్త ఉండరాదు. వయస్సు రాగానే ఆమె దేవతసొమ్ము అను పేర ఊరిలోని ధనికుని సొమ్మగును. జాతరలలో ఆడవలయును, చావు ఊరేగింపుల ముందు ఆడవలయును, పిలిచినపుడు కాదనరాదు. ఆమెకు పుట్టిన బిడ్డకు తండ్రిపేరు ఉండదు. నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో జోగినియని, కన్నడ సరిహద్దున బసివియని, మరాఠ్వాడాలో మురళియని పేర్లు వేరైనను దుఃఖమొక్కటే. ఇందులో క్రూరమైన మెలిక ఏమనగా, దీనిని నడపించువాడు భూస్వామియైనను, బిడ్డను తెచ్చి గద్దెముందు నిలువబెట్టునది కన్నతల్లియే. కావున బయటివాడు వచ్చి నిందించినచో ఆ నింద తల్లిమీదనే పడును. అందుచేత ఈ పని లోపలివారే చేయవలసినది. భాగ్యరెడ్డిగారును, ఆయన వెంటనున్న యువకులును ఇంటింటికి తిరిగి, కులపెద్దలను కూర్చుండబెట్టి, మ్రొక్కుబడి తీర్చుటకు బిడ్డనే బలియిచ్చుట అమ్మవారికి ప్రీతికాదని నచ్చజెప్పి, ఎవని లాభమునకై ఈ ఆచారము సాగుచున్నదో విప్పిచెప్పిరి. చట్టము ఈ ఆచారమును నిషేధించుటకు 1988 వరకు ఆగవలసివచ్చెను. ఏడు దశాబ్దులకు పైగా ముందే, ఏ చట్టబలమును లేని యువకులు, వట్టి చేతులతో దీనికి అడ్డునిలిచిరని తలచినప్పుడు నాకు వారియెడల కలుగు భక్తిని దాచుకొనలేను.

మాంసాహారమును విడువుడను బోధయు వారి కార్యక్రమమున ఉండెను. లాల్జీ మేఘ్‌జీ అను వర్తకుడు నడపిన జీవరక్షా జ్ఞానప్రచారక మండలికి భాగ్యరెడ్డిగారు ప్రచారకులుగా పనిచేసియుండిరి. జంతుబలులకు వ్యతిరేకముగా ఊరూర మాటలాడిరి. హైకోర్టు న్యాయమూర్తి రాయ్ బాలముకుంద్ వంటి ఉన్నతవర్గ సంస్కర్తలు ఆయనకు అండనిచ్చిరి. ఈ స్నేహములు మేలుచేసినవి. వానివలననే సర్కారు తలుపులు కొన్ని తెరచుకొనినవి. అయినను, పేదవాని పళ్లెములోని కూటిని దోషముగా చూపు బోధయందు పైకులముల రుచి, పైకులముల కొలబద్ద ఉన్నవని చెప్పక తప్పదు. తాగుడు విషయమున నాకా సందేహము లేదు. కల్లుదుకాణపు గుత్త ఎవరి ఇల్లు నింపెనో, ఎవరి ఇల్లు కూల్చెనో పేటలోని ఏ ముసలమ్మను అడిగినను చెప్పును. తిండి మాట వేరు. ఆ రెండింటిని ఒకే గాటకట్టుట ఆనాటి సంస్కరణ దృష్టిలోని పరిమితియని నేననుకొందును.

ఆ యువకులు చేపట్టిన మరియొక పని నేడు దాదాపు మరుగునపడినది. నగరమునందలి పేటలలోని కులపంచాయతులను వారు రద్దుచేయ యత్నింపలేదు. వానిని సంస్కరించి, ఒకదానితో నొకటి కలిపి, వానిపైన ఒక పెద్ద పంచాయతిని నెలకొల్పిరి. దానికి భాగ్యరెడ్డిగారే ప్రధాన న్యాయనిర్ణేతగా ఉండిరి. మొగడు పెండ్లాముల తగవులు, అన్నదమ్ముల పంపకములు, చిల్లర అప్పుల తగాదాలు అచ్చట తేలెడివి. సర్కారు న్యాయస్థానమునకు పోయినచో ఉర్దూలో దరఖాస్తు వ్రాయించుటకు మునిషీకి రుసుము, ముద్రకాగితమునకు రుసుము, వకీలుకు రుసుము, వాయిదాకొకనాటి కూలి నష్టము. పంచాయతిలోనో, తన భాషలో తన గోడు చెప్పుకొని, తీర్పును చీకటిపడులోపల ఇంటికి తీసికొనిపోవచ్చును. పూర్వపు పంచాయతులలో తప్పు వేసిన సొమ్ము కల్లుకుండల పాలయ్యెడిది. తగవు తీర్చుట తాగుటకు నెపముగా ఉండెడిది. ఆ దురాచారమును తొలగించి పంచాయతిని నిజమైన న్యాయపీఠముగా చేయుట, బారిస్టరు ఇంట కొలువుచేసి న్యాయవాదుల లోకమును దగ్గరనుండి చూచిన యువకునికి తోచిన ఉపాయమగుట ఆశ్చర్యము కాదు.

మూసీకి ఈవల ఇసామియా బజారు ఎట్టిదో, లష్కరులో ఘాసుమండి అట్టిది. అచ్చట అరిగె రామస్వామిగారు అను మరియొక యువకుడు సునీత బాలసమాజమను పేర పిల్లలను, కుర్రవారిని కూర్చి, తాగుడును, జోగిని ఆచారమును, జంతుబలిని ఎదిరించి పనిచేయుచుండెను. ఆయన కచేరీలో చిన్న నౌకరుగా, వడ్రంగిగా, రైలు టిక్కెట్టు కలెక్టరుగా జీవనము సాగించి, అచలబోధ అను వేదాంతమార్గము నెరిగి, ప్రజలయందు గురుత్వమును సంపాదించినవాడు. తరువాతి కాలమున 1952లో శాసనసభ్యుడయ్యెను. ఆ ఘాసుమండి నుండియే బి.ఎస్. వెంకటరావుగారును వచ్చి, హైదరాబాదు అంబేద్కరని పేరొంది, నిజాము ప్రభుత్వమున మంత్రిపదవిని అధిష్ఠించెను. ఒక్కొక్క పేటకు ఒక్కొక్క సమాజము, ఒక్కొక్క సమాజమునకు ఒక్కొక్క యువకుడు. ఇది ఆనాటి నగరపు తీరు.

వీరందరు ఒక్కతాటిపై నడచిరని వ్రాసినచో చరిత్రకు ద్రోహము చేసినవాడనగుదును. నాయకులలో స్పర్ధలుండెను. అంతకంటె బాధాకరమైనది, మాలమాదిగల నడుమ తరతరములుగా నున్న ఎడము ఆదిహిందూ అను ఒక్క పేరుక్రింద కరగిపోలేదు. ఉద్యమ నాయకత్వము ప్రధానముగా మాలలదై యుండుటచేత తమ గోడు వెనుకబడుచున్నదని మాదిగలు భావించిరి; 1931లో అరుంధతీయ సంఘము, మాతంగి జనసభ పేరున, వేరుగా నిలిచెను. అంటరానితనమును ఎదిరించువారి పంక్తిలోనే అంటు మిగిలియుండుటకంటె నొప్పించు విషయము వేరొకటి లేదు. ఆ నొప్పి ఈనాటికిని తీరలేదు.

ఇట్లు పదునొకండు సంవత్సరములు పేటలలో పనిచేసిన పిదప గాని భాగ్యరెడ్డిగారి పేరు రాజ్యము సరిహద్దు దాటి వినబడలేదు. 1917 నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడలో ప్రథమాంధ్రదేశ పంచమ మహాజనసభ కూడెను. గుడివాడలో సేవాశ్రమము నడపుచుండిన గూడూరు రామచంద్రరావుగారు ఆ సభకు పూనుకొనిరి. సుండ్రు వెంకయ్యగారు ఆహ్వానసంఘాధ్యక్షులు. 29 ఏండ్ల భాగ్యరెడ్డివర్మగారు సభాధ్యక్షులు. ఆ మూడు దినములు ఇంద్రకీలాద్రిపై కనకదుర్గ గుడి తలుపులు మూసియుంచిరి. అధ్యక్షోపన్యాసమున ఆయన మొట్టమొదట ఆ సభ పేరునే ఆక్షేపించిరి. పంచమ శబ్దము పురాణములలో లేదు, చరిత్రలో లేదు, ఈ జనులు ఈ దేశపు ఆదివాసులు, కావున వారు ఆదిఆంధ్రులు అని ఆయన వాదము. సభ దానిని అంగీకరించెను. పంచమ సభగా మొదలైన కూటము ఆదిఆంధ్ర మహాసభగా ముగిసెను. 1922లో మద్రాసు ప్రభుత్వమును పాత పదములను విడచి ఆదిఆంధ్ర, ఆదిద్రావిడ పదములను స్వీకరించెను.

ఆ ఉపన్యాసమును పలువురు ఒక సిద్ధాంతముగా చర్చింతురు. ఆదివాసిత్వవాదము చరిత్రదృష్ట్యా ఎంతవరకు నిలుచునని వాదోపవాదములు సాగింతురు. నాకు తోచునది వేరు. అంతకు పదునొకండేండ్లు ముందునుండి తన పేటవారిని రాత్రివేళ కూర్చుండబెట్టి కథ చెప్పి, వారి తగవులు తీర్చి, వారి పిల్లల చేత అక్షరములు దిద్దించిన మనుష్యుడు పలికిన పలుకది. వారి పేరు ఏమి కావలయునో పలుకుటకు ఆయనకు అధికారము ఆ పనివలన వచ్చినది. పేరు పనిని సృష్టింపలేదు. పని పేరును సంపాదించుకొనినది.

నిజాము రాజ్యమున అట్టి పేరు సర్కారు పుస్తకములలోనికి ఎక్కుటకు 1931 వరకు పట్టెను. ఆ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ జనులను ఆదిహిందువులుగా నమోదుచేయుటకు ప్రభుత్వము సమ్మతించెను. అంతకు ముందటి సంవత్సరము, 1930లో, లక్నోలో జరిగిన అఖిలభారత ఆదిహిందూ సభకు భాగ్యరెడ్డివర్మగారు అధ్యక్షత వహించి, అంబేద్కరుగారి నాయకత్వమును సమర్థించిరి. 1931లోనే భాగ్యనగర్ అను పత్రికను వెలువరించిరి. ఆ పత్రికలో వెట్టిమాదిగ అను పేర ఆయన వ్రాసిన కథ క్రమముగా అచ్చయ్యెను. పల్లెలో వెట్టిచేయు మాదిగ బ్రతుకును, ఆ బ్రతుకులోపలినుండి చూచి, తెలుగున కథగా చెప్పిన తొలి యత్నములలో అదియొకటి. మాదిగ జీవితమును మాల రచయిత వ్రాయుట యందలి విశేషము, పైన నేను చెప్పిన ఎడమును తలచినప్పుడు, మనస్సును తాకకమానదు. పాతికేండ్లు నోటితో చెప్పిన కథకుడు చివరకు అచ్చుయంత్రమును చేరెను. వినువారిలో కొందరైనను అప్పటికి చదువువారై యుండిరి.

బుద్ధుని యెడల ఆయనకు గల అభిమానమును ఒక మాటలో చెప్పి విడుతును. 1913లోనే ఆయన హైదరాబాదులో బుద్ధజయంతిని జరిపించిరి. 1937లో మరల జరిపించిరి. అంబేద్కరుగారు నాగపురమున బౌద్ధదీక్ష స్వీకరించినది 1956లో. ఈ తేదీల అంతరమును చదువరులే గమనింతురు గాక.

1934లో నిజాము ప్రభుత్వము ఈ పాఠశాలలను తన యాజమాన్యమునకు తీసికొనెను. దీనిని గూర్చి రెండు విధముల చెప్పుదురు. పేదల చందాలతో, ఉపాధ్యాయుల త్యాగముతో ఈడ్చుకొనివచ్చిన భారమును సర్కారు ఎత్తుకొనుట విజయమేయని కొందరు. తమవారి చేతిలోని బడి కచేరీ చేతిలోనికి పోవుట నష్టమని మరికొందరు. ఉపాధ్యాయునికి నెలనెల జీతము, గోడలకు సున్నము, పిల్లలకు నిలుకడ వచ్చుటను నష్టమనుటకు నాకు నోరురాదు. కాని సర్కారు బడి పిల్లవానిని పిలుచును గాని, పిల్లవాని తండ్రిని కల్లుదుకాణము నుండి ఇంటికి తీసికొనిరాదు. అక్కను గద్దెమీదికి ఎక్కింపకుండ ఆపదు. తల్లిదండ్రుల తగవును అరుగుపై కూర్చుండి తీర్పదు. ఆ పనులన్నింటిని కలిపి ఉంచిన ముడి మాత్రము ఆనాడు కొంత సడలెను.

భాగ్యరెడ్డివర్మగారు 1939 ఫిబ్రవరి 18వ తేదీన కన్నుమూసిరి. అప్పటికి ఆయనకు 51 ఏండ్లైనను నిండలేదు. చాదర్‌ఘాటున ఆయన కట్టించిన ఆదిహిందూ భవనము నిలిచియుండెను. ఆయన కుమారుడు గౌతమ్‌గారు, తండ్రి 22 ఏండ్ల వయస్సున మొదటి బడిని తెరచిన ఆ ఇసామియా బజారుననే, ఆయన పేర బాలికలకు ఉన్నత పాఠశాలను నడపిరి.